టైటిల్ వన్ నిధులు, సీఎస్ఐ జాబితా: అమెరికా బడుల గురించి మన తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అయినా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అయినా ఇల్లు వెతికేటప్పుడు మనవాళ్ళు ముందు చూసేది స్కూలు రేటింగే. ఆ రేటింగుకు ముడిసరుకు రాష్ట్రం పెట్టే పరీక్షలు. ఆ పరీక్షల వెనక ఒక ఫెడరల్ చట్టం ఉంది, దానికి ముడిపడి టైటిల్ వన్ అనే డబ్బూ, సీఎస్ఐ అనే వెనకబడిన బడుల జాబితా ఉన్నాయి. వెనకబడిన బడికి సాయం అందడమైనా అందకపోవడమైనా చాలావరకు తేలేది రాష్ట్ర విద్యాశాఖ దగ్గరే. బడి మన పిల్లలదైనా పక్కింటివాళ్ళ పిల్లలదైనా, ఈ సంగతి తెలిసి ఉండాలని ఈ జవాబులు రాస్తున్నాను.

అమెరికాలో బడులకు డబ్బు ఎవరిస్తారు?

ఎక్కువ భాగం రాష్ట్రమూ, స్థానికంగా వసూలయ్యే ఇంటి పన్నూ. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది మామూలు ఏళ్ళలో సుమారు పదో వంతు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సమగ్ర శిక్ష పథకానికి కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పెట్టుకుంటాయి కాబట్టి ఇక్కడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. అది రాష్ట్రాల బాధ్యత.

పదో వంతే కదా అని తీసిపారేయకూడదు. ఆ డబ్బు ఎక్కువగా చేరేది పేద పిల్లలున్న బడులకు. పైగా అది తీసుకున్నందుకు ప్రతి రాష్ట్రమూ ఏటా పరీక్షలు పెట్టాలి, ఫలితాలు బయటపెట్టాలి, వెనకబడిన బడులను గుర్తించాలి.

టైటిల్ వన్ అంటే ఏమిటి? ఎప్పుడు మొదలైంది?

1965లో వచ్చిన ఎలిమెంటరీ అండ్ సెకండరీ ఎడ్యుకేషన్ యాక్ట్‌లో అది మొదటి భాగం. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఏప్రిల్ 11న టెక్సాస్‌లో, తాను చిన్నప్పుడు చదువుకున్న ఒంటి గది బడి దగ్గర, తన మొదటి టీచరు కేట్ డెడ్రిక్ లోనీని పక్కన కూర్చోబెట్టుకుని దాని మీద సంతకం చేశాడు. అంతకు చాలా ఏళ్ళ ముందు ఆయన కొటుల్లా అనే ఊళ్ళో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పినవాడు.

ఆ చట్టాన్నే తర్వాత పేర్లు మార్చి సవరిస్తూ వచ్చారు. 2002లో జార్జి బుష్ సంతకంతో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అయింది. 2015 డిసెంబరులో ఒబామా సంతకంతో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ అయింది. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు పొట్టిగా ‘ఎస్సా’ అంటారు. ఇప్పుడు నడుస్తున్నది అదే.

టైటిల్ వన్ కింద ఏటా వచ్చేది సుమారు 1,800 కోట్ల డాలర్లు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో పేదలు ఎందరో సెన్సస్ బ్యూరో వేసిన అంచనాలతో, నాలుగు ఫార్ములాల ప్రకారం పంచుతారు. రాష్ట్రం సొంతంగా ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చు పెడుతోందన్నది కూడా ఆ లెక్కలోకి వస్తుంది. బడుల మీద తక్కువ ఖర్చు పెట్టే రాష్ట్రంలో పుట్టిన పేద పిల్లకు ఫెడరల్ వాటా కూడా తగ్గుతుందన్నమాట. ఇది నాకు ఎప్పటికీ న్యాయంగా అనిపించదు.

మా అబ్బాయి స్కూలు టైటిల్ వన్ స్కూలట. అంటే మంచిది కాదా?

అలాంటిదేమీ లేదు. ఈ అపోహ మన వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. టైటిల్ వన్ అన్న మాట ఆ బడిలో పేద కుటుంబాల పిల్లలు ఎందరున్నారో చెబుతుంది. చదువు ఎలా చెబుతారో చెప్పదు. డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) తన బడులను పేదరికం శాతాన్ని బట్టి వరుసలో పెట్టి, 75 శాతం దాటిన బడులకు ముందుగా ఇవ్వాలి. ఆ తర్వాతే మిగతావాటికి. 40 శాతం ఉన్న బడి ఆ డబ్బును బడి మొత్తానికీ వాడుకోవచ్చు. అంతకంటే తక్కువ ఉంటే, రాష్ట్రం మినహాయింపు ఇస్తే తప్ప, బాగా వెనకబడిన పిల్లలకే వాడాలి.

మీ బడి టైటిల్ వన్ అయితే మీకు కొన్ని హక్కులు అదనంగా వస్తాయి. ఏడాదికోసారి తల్లిదండ్రులతో సమావేశం పెట్టి ఈ కార్యక్రమం గురించి చెప్పాలి. బడి, ఇల్లు, పిల్లలు ఎవరేం చేయాలో ఒక ఒప్పంద పత్రం రాయాలి. టీచరు అర్హతలేమిటో మీరు అడిగితే చెప్పాలి. రాష్ట్రం కోరే అర్హత లేని టీచరు వరుసగా నాలుగు వారాలు, అంతకు మించి పాఠం చెబితే, మీరు అడగకపోయినా తెలియజేయాలి. 5 లక్షల డాలర్లకు మించి టైటిల్ వన్ నిధులొచ్చే డిస్ట్రిక్ట్ అందులో కనీసం ఒక శాతం తల్లిదండ్రుల కార్యక్రమాలకు తీసిపెట్టాలి. ఆ ఒక శాతాన్ని ఎలా ఖర్చు పెట్టాలో మీతో మాట్లాడే తేల్చాలి.

ఇందులో రాష్ట్రం చేసే పనేమిటి? డబ్బు వాషింగ్టన్ నుంచి నేరుగా బడికి రాదా?

రాదు. రాష్ట్ర విద్యాశాఖ ద్వారానే వస్తుంది. టెక్సాస్‌లో దాన్ని టీఈఏ (టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ) అంటారు, మిగతా రాష్ట్రాల్లో పేర్లు వేరు. లక్ష్యాలేమిటో, బడులను ఏ కొలతతో చూస్తారో రాష్ట్రం ఒక ప్లాను రాసి ఫెడరల్ విద్యాశాఖ ఆమోదం తీసుకుంటుంది. డిస్ట్రిక్టుల దరఖాస్తులు చూసేదీ, నిధులు విడుదల చేసేదీ, తనిఖీకి మనుషుల్ని పంపేదీ, తప్పు జరిగితే డబ్బు వెనక్కి కట్టించేదీ రాష్ట్రమే. ఈ నిర్వహణ ఖర్చులకు టైటిల్ వన్ నుంచి అది ఉంచుకోగలిగేది సుమారు ఒక శాతం. దీనికి తోడు కనీసం 7 శాతం బడుల మెరుగుదలకని పక్కన పెట్టాలి. అందులో 95 శాతం డిస్ట్రిక్టులకే చేరాలి.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఎలిమెంటరీ స్కూల్లో చదవడం నేర్పే స్పెషలిస్టు ఉందనుకోండి. ఆమె జీతంలో సగం టైటిల్ వన్, సగం డిస్ట్రిక్ట్ సొంత డబ్బు. అలాంటప్పుడు ఆమె నిజంగా సగం సమయం టైటిల్ వన్ పని చేసిందని చూపే రికార్డు ఉండాలి. ప్రిన్సిపల్ ఆమెను రోజూ ఎవరో సెలవు పెట్టిన క్లాసులోకి పంపిస్తే రికార్డు ఒకటి, జరిగింది ఇంకొకటి అవుతుంది. ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. తేడా తేలితే ఆ జీతం డబ్బు డిస్ట్రిక్ట్ తిరిగి కట్టాలి. ఈ కాగితాలంటే విసుక్కునేవాళ్ళున్నారు కానీ, ఆ స్పెషలిస్టు దగ్గర కూర్చోవలసిన రెండో తరగతి పిల్లలకు అక్కరకొచ్చేది ఆ రికార్డే.

ఇక గడువులు. 2025 జులై 1న మొదలైన గ్రాంటును 2027 సెప్టెంబరు 30 దాకా, అంటే 27 నెలలు వాడుకోవచ్చు. అయితే మొదటి 15 నెలలు గడిచేసరికి టైటిల్ వన్ కేటాయింపులో 15 శాతానికి మించి మిగలకూడదు. 50 వేల డాలర్ల లోపు వచ్చే చిన్న డిస్ట్రిక్టులకు ఈ పరిమితి లేదు. మిగతావాళ్ళకు రాష్ట్రం మూడేళ్ళకోసారి మినహాయింపు ఇవ్వగలదు. వాడుకోకపోతే నిధులు మురిగిపోతాయి. మురిగిపోతాయన్న టెన్షన్‌తో సెప్టెంబరులో హడావుడిగా సాఫ్ట్‌వేర్లు కొనడం కంటే, మార్చిలోనే లెక్క చూసుకుని ట్యూటర్లను పెట్టుకోవడం మేలు. డిస్ట్రిక్టులకు ఈ మాట ముందుగా గుర్తు చేసే రాష్ట్ర శాఖ ఉంటే ఎంత తేడానో ఈ పని తెలిసినవాళ్ళను అడగండి.

ఫెడరల్ డబ్బు వచ్చింది కదా అని డిస్ట్రిక్ట్ తన వాటా తగ్గించుకోవచ్చా?

కుదరదు. టైటిల్ వన్ డబ్బు అదనం. తన నిధులను బడులకు పంచేటప్పుడు, ఈ బడికి టైటిల్ వన్ వస్తుందిలే అని డిస్ట్రిక్ట్ ఏ బడికీ కోత పెట్టకూడదు. ఏ పద్ధతిలో పంచుతోందో కాగితం మీద చూపించగలగాలి. మొత్తం మీద రాష్ట్ర, స్థానిక ఖర్చు కూడా అంతకు ముందు ఏడాది దానిలో 90 శాతానికి తగ్గకూడదు.

అయినా ఒక లోపం ఉంది. అనుభవం ఉన్న టీచర్లు ఎక్కువగా స్థితిమంతుల పేటల బడుల్లో చేరతారు. జీతాలూ అక్కడే ఎక్కువవుతాయి. 2015 చట్టం వచ్చాక ప్రతి బడిలో ఒక్కో విద్యార్థి మీద అసలు జీతాలతో సహా ఎంత ఖర్చవుతోందో బడుల గురించి రాష్ట్రం బయటపెట్టే రిపోర్ట్ కార్డులో వేయాలి. ఫెడరల్ డబ్బెంత, రాష్ట్ర, స్థానిక డబ్బెంత అని విడిగా చూపాలి. రేటింగు కంటే ముందు ఈ అంకె చూడమని నా సలహా.

బడి వెనకబడిందని రాష్ట్రం ఎలా తేలుస్తుంది?

3 నుంచి 8 తరగతుల వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలుంటాయి. సైన్సు పరీక్ష మూడు దశల్లో ఒక్కోసారి. ఈ ఫలితాలతో పాటు పిల్లల ఎదుగుదల, హైస్కూలు పూర్తిచేసినవాళ్ళ శాతం, ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లల పురోగతి, బడి నాణ్యతకు రాష్ట్రం ఎంచుకున్న ఇంకో కొలత కలుపుతారు. ఆ చివరిదానికి చాలా రాష్ట్రాలు తరచూ బడి మానేస్తున్న పిల్లల శాతాన్ని తీసుకున్నాయి. దేనికెంత బరువివ్వాలో తేల్చేది రాష్ట్రమే. అందుకే ఒకలాంటి బడులకే ఒక రాష్ట్రంలో ఒక మాట, ఇంకో రాష్ట్రంలో ఇంకో మాట వినిపిస్తుంది.

కనీసం మూడేళ్ళకోసారి రాష్ట్రం సీఎస్ఐ (కాంప్రహెన్సివ్ సపోర్ట్ అండ్ ఇంప్రూవ్‌మెంట్) జాబితా, అంటే బడి మొత్తానికీ సాయం కావలసిన బడుల జాబితా తీయాలి. టైటిల్ వన్ బడుల్లో అట్టడుగున ఉన్న 5 శాతం అందులోకి వస్తాయి. మూడింట ఒక వంతు, అంతకు మించి పిల్లలు చదువు పూర్తి చేయలేకపోతున్న హైస్కూళ్ళూ వస్తాయి. రెండో జాబితా టీఎస్ఐ (టార్గెటెడ్ సపోర్ట్ అండ్ ఇంప్రూవ్‌మెంట్). అది బడి మొత్తానికి కాదు, బడిలో ఒక వర్గం పిల్లలు వెనకబడి ఉంటే. మూడోది ఏటీఎస్ఐ (అడిషనల్ టార్గెటెడ్ సపోర్ట్ అండ్ ఇంప్రూవ్‌మెంట్). అందులో ఆ ఒక్క వర్గం ఫలితాలు అట్టడుగు 5 శాతం బడుల స్థాయిలో ఉంటాయి.

మా స్కూలుకు మంచి గ్రేడ్ ఉంది. అయినా టీఎస్ఐ అని ఉత్తరం వచ్చింది. పొరపాటా?

పొరపాటు కాకపోవచ్చు. సగటు బాగుండి, వికలాంగ పిల్లలో ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలో ఏళ్ళ తరబడి వెనకే ఉండిపోతే ఈ ఉత్తరం వస్తుంది. చట్టంలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. సగటు చాటున పిల్లలు కనబడకుండా పోవడాన్ని ఇది ఆపుతుంది.

ఒక పరిమితి ఉంది. ఒక వర్గంలో ఇంతమంది పిల్లలుంటేనే విడిగా లెక్కిస్తామని రాష్ట్రం ఒక సంఖ్య పెట్టుకుంటుంది. ఆ సంఖ్య పెద్దదైతే చాలా బడుల్లో ఆ వర్గం లెక్కలోకే రాదు. మన పిల్లల సంగతికొస్తే, లెక్కల్లో వాళ్ళంతా ‘ఏషియన్’ అనే ఒక్క గడిలోకి వెళ్తారు. ఆ గడి సగటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అందులో ఇబ్బంది పడుతున్న తెలుగు పిల్లవాడి సంగతి బడి స్థాయి అంకెలు చెప్పవు. మీరే వెళ్ళి టీచరుతో మాట్లాడాలి.

సీఎస్ఐ జాబితాలో పడిన బడికి ఏం జరుగుతుంది?

డిస్ట్రిక్ట్, ప్రిన్సిపల్, టీచర్లు, తల్లిదండ్రులు కలిసి ప్లాను రాయాలి. అసలు లోపం ఎక్కడుందో పరిశీలించాలి. నిధుల్లో, టీచర్లలో ఆ బడికి అన్యాయం జరుగుతోందేమో కూడా చూడాలి. బడి, డిస్ట్రిక్ట్, రాష్ట్రం మూడూ ఆ ప్లానును ఆమోదించాలి. 7 శాతం వాటా నుంచి డబ్బు తీసుకుంటే, పరిశోధనలో పనిచేసినట్టు తేలిన పద్ధతులకే వాడాలి. రాష్ట్రం పెట్టిన గడువులో, అది నాలుగేళ్ళకు మించకూడదు, బడి మెరుగుపడకపోతే రాష్ట్రం మరింత గట్టి చర్య తీసుకోవాలి.

అక్షరాలా ఇంతే. కానీ ప్లాన్లలో తేడా ఎలా ఉంటుందంటే, “టీచర్లకు శిక్షణ ఇస్తాం, తల్లిదండ్రులను కలుపుకుంటాం” అని రాసి చేతులు దులుపుకున్నవి ఉంటాయి. మూడో తరగతిలో ఎంతమంది చదవలేకపోతున్నారు, వాళ్ళకు వారానికి ఎన్ని రోజులు ఎన్ని నిమిషాలు చిన్న గుంపుల్లో చెబుతారు, చెప్పేదెవరు, ఎన్ని వారాలకోసారి చూసుకుంటారు అని రాసినవీ ఉంటాయి. రెండో రకం ప్లాను ఉన్న బడికి నేను నా బిడ్డను ధైర్యంగా పంపుతాను.

డబ్బు ఎక్కువ పోస్తే బడి బాగుపడదా?

ఒక పాఠం ఉంది. ఒబామా హయాంలో స్కూల్ ఇంప్రూవ్‌మెంట్ గ్రాంట్స్ అనే పథకానికి 2009 ఉద్దీపన చట్టంతో 300 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చారు. తీసుకున్న బడి నాలుగు మార్గాల్లో ఒకటి ఎంచుకోవాలి. ప్రిన్సిపల్‌ను, సగం మంది టీచర్లను మార్చడం ఒకటి. బడిని ప్రభుత్వ డబ్బుతో బడులు నడిపే చార్టర్ సంస్థకు అప్పగించడం, మూసేయడం, పద్ధతులు మార్చడం మిగతావి. 2017లో ఫెడరల్ విద్యాశాఖే విడుదల చేసిన అధ్యయనంలో మార్కుల్లో గానీ, చదువు పూర్తిచేసినవాళ్ళ శాతంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దీన్ని పట్టుకుని పేద బడులకు డబ్బు దండగ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. నిలకడగా వచ్చే డబ్బు వేరు, మూడేళ్ళకు వచ్చి ఆగిపోయే డబ్బు వేరు. ఆ మూడేళ్ళలో టీచర్లను మార్చి, కొత్తవాళ్ళకు పని తెలిసేలోపే గ్రాంటు అయిపోయింది. పైనుంచి ఒకే మందు అందరికీ రాయకూడదన్న ఆలోచనతోనే 2015 చట్టం ఏం చేయాలన్నది రాష్ట్రాలకూ డిస్ట్రిక్టులకూ వదిలేసింది. ఆ స్వేచ్ఛతో పాటు శ్రద్ధ లేని రాష్ట్రంలో ఏమీ జరగకపోయే ప్రమాదమూ వచ్చింది.

రాష్ట్రం డిస్ట్రిక్టునే తన చేతుల్లోకి తీసుకోగలదా? హ్యూస్టన్‌లో అలాగే అయింది కదా?

అయింది. అయితే అది ఫెడరల్ చట్టం చెప్పినందుకు కాదు. ఒక్క బడి వరుసగా ఐదేళ్ళు ఫెయిలైతే ఆ బడిని మూసేయాలి, లేదా డిస్ట్రిక్ట్ బోర్డునే మార్చాలి అని టెక్సాస్ 2015లో చేసుకున్న చట్టం ఉంది. హ్యూస్టన్‌లోని వీట్లీ హైస్కూలు రేటింగులను చూపి 2019లో టీఈఏ కదిలింది. కోర్టుల్లో ఏళ్ళు గడిచాయి. ఆ లోపల, 2022లో, వీట్లీకి సీ గ్రేడ్ వచ్చింది. 2023 జనవరిలో టెక్సాస్ సుప్రీంకోర్టు అడ్డంకి తొలగించింది. అదే ఏడాది జూన్ 1న ఎన్నికైన బోర్డు స్థానంలో రాష్ట్రం నియమించిన మేనేజర్ల బోర్డు, డిస్ట్రిక్ట్ ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంటుగా మైక్ మైల్స్ వచ్చారు.

తర్వాత రేటింగులు పెరిగాయి. టీచర్లు పెద్ద సంఖ్యలో వెళ్ళిపోయారు. రెండూ జరిగాయి. ఓటేసి ఎన్నుకున్నవాళ్ళను తీసేయడం ఒక బడి ఫలితాలకు తగిన చర్యా అన్న ప్రశ్న హ్యూస్టన్ తల్లిదండ్రులు ఇంకా అడుగుతున్నారు. వాళ్ళ ప్రశ్నలో న్యాయం ఉంది.

రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాస్తే నష్టమా?

రాయండి, నిజమే రాయండి. బడి ఆఫీసు కౌంటరు దగ్గర చాలామంది ఒక్క క్షణం ఆగి ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు, పిల్లవాణ్ణి వేరే క్లాసులో పడేస్తారేమోనని. తెలుగు అని రాస్తే ముందు చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిషు బాగా వస్తే అంతటితో సరి. రాకపోతే సాయం పొందే హక్కు వస్తుంది. విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లో మీకు తెలియజేయాలి. సాయం వద్దని మీరు చెప్పవచ్చు. అయితే భాషా స్థాయి చూసే వార్షిక పరీక్ష మాత్రం, పిల్లవాడు ఆ జాబితా నుంచి బయటికి వచ్చేదాకా రాయాలి. అది టెక్సాస్‌లో టెల్పాస్, కాలిఫోర్నియాలో ఎల్ప్యాక్, న్యూజెర్సీలో విడా అనే సంస్థ పెట్టే యాక్సెస్.

ఈ సాయానికి టైటిల్ త్రీ నిధులుంటాయి. హెచ్-4 వీసా మీద వచ్చిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో బడి వ్యవహారాలు చూస్తుంటే, సమాచారం తెలుగులో చెప్పించమని బడిని అడగవచ్చు.

మా అమ్మాయిని రాష్ట్ర పరీక్షకు పంపకపోతే ఏమవుతుంది?

అమ్మాయికి ఏమయ్యేదీ రాష్ట్ర నిబంధనల మీద ఉంటుంది. బడికి మాత్రం, కనీసం 95 శాతం మంది రాయాలన్న లెక్క ఉంది. అంతకు తగ్గితే రాయనివాళ్ళు ఉత్తీర్ణులు కానట్టే లెక్కలోకి వస్తారు. బాగా చదివే పిల్లలు మానేస్తే బడి అంకె పడిపోతుంది.

కోవిడ్ డబ్బు ఏమైంది?

2020, 2021లో మూడు విడతలుగా బడులకు వచ్చింది సుమారు 19,000 కోట్ల డాలర్లు. చివరి విడతను కేటాయించుకోవడానికి గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ డబ్బుతో పెట్టుకున్న ట్యూటర్లు, కౌన్సెలర్ల ఉద్యోగాలు చాలాచోట్ల పోయాయి. మీ బడిలో అప్పటిదాకా ఉన్న కౌన్సెలర్ తర్వాత లేకపోవడానికి కారణం అదే అయ్యుండవచ్చు.

ఫెడరల్ విద్యాశాఖనే ఎత్తేస్తారంటున్నారు. టైటిల్ వన్ పోతుందా?

చట్టం మార్చేది కాంగ్రెస్. 2025 మార్చిలో శాఖను మూసే దిశగా అధ్యక్షుడు ట్రంప్ ఆదేశమిచ్చారు. సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు. నవంబరులో టైటిల్ వన్ సహా కొన్ని కార్యక్రమాల నిర్వహణను కార్మిక శాఖతో పంచుకునే ఒప్పందం ప్రకటించారు. టైటిల్ వన్ చట్టమూ, దాని షరతులూ మాత్రం పుస్తకాల్లో అలాగే ఉన్నాయి.

నాకు ఆందోళన కలిగించింది 2025 జులై. జులై 1న అందవలసిన సుమారు 680 కోట్ల డాలర్లు ఆపేశారు. టైటిల్ వన్‌లోని ప్రధాన నిధులు కావవి. టీచర్ల శిక్షణ, ఇంగ్లిషు నేర్చుకునే పిల్లలు, బడి తర్వాత కార్యక్రమాలు, వలస కూలీల పిల్లల నిధులు. నెలాఖరుకు విడుదల చేశారు కానీ, ఆగస్టులో బడులు తెరవాలి. జీతం ఇస్తామని మాటివ్వలేక డిస్ట్రిక్టులు ఎవరిని ఉంచుకోవాలో తేల్చుకోలేకపోయాయి. పైన పర్యవేక్షణ పలచబడిన కొద్దీ రాష్ట్ర శాఖల బాధ్యత పెరుగుతుంది. వాళ్ళ దగ్గర మనుషులు తగినంతమంది ఉండాలి.

తల్లిగా, తండ్రిగా నేను ఏం అడగాలి?

రాష్ట్ర రిపోర్ట్ కార్డులో మీ బడి పేజీ తెరవండి. ఒక్కో విద్యార్థి మీద ఖర్చెంతో చూడండి. సీఎస్ఐ, టీఎస్ఐ గుర్తింపు ఉంటే ఏ వర్గానికో చూడండి. తర్వాత ప్రిన్సిపల్‌కు మెయిల్ రాసి బడి మెరుగుదల ప్లాను కాపీ, అందులో ఈ ఏడాది ఎంత ఖర్చయిందో అడగండి. ప్లాన్లు చాలా డిస్ట్రిక్టుల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. టైటిల్ వన్ వార్షిక సమావేశం సాధారణంగా బడి మొదలైన కొత్తలోనే, సాయంత్రం కాఫెటేరియాలో పెడతారు. అక్కడ హాజరు తక్కువగా ఉంటుంది కాబట్టి వెళ్ళినవాళ్ళ మాటకు విలువ ఎక్కువ. నిధులు నిబంధనలకు విరుద్ధంగా వాడారని నమ్మకంగా తెలిస్తే ముందు డిస్ట్రిక్టుకు, అక్కడ తేలకపోతే రాష్ట్ర శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అలాంటి ఫిర్యాదులు తీసుకునే పద్ధతి ఒకటి రాష్ట్రం పెట్టి ఉంచాలి.